సిడ్నీ కంటే ముందే గెలిచేసిన మల్లీశ్వరి

ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఎవరు? గ్రూప్స్‌కు చదివే అక్క నుంచి టెన్త్ పిల్లల దాకా ఎవర్ని అడిగినా టక్కున చెప్పేస్తారు. కరణం మల్లీశ్వరి. 2000, సిడ్నీ, వెయిట్‌లిఫ్టింగ్, కాంస్యం. ఒక బిట్టు, ఒక మార్కు, అయిపోయింది.

సరే, ఇంకో ప్రశ్న. ఆమె ప్రపంచ ఛాంపియన్ ఎన్నిసార్లు అయింది?

ఇక్కడ చాలామంది ఫోన్ తీస్తారు. అసలు అయిందా అని కూడా కొందరు అడుగుతారు. అయింది. రెండుసార్లు. 1994లో ఇస్తాంబుల్‌లో ఒకసారి, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మరోసారి. అంటే సిడ్నీలో మెడలో పతకం పడేసరికి ఆమె కెరీర్‌లో అసలైన శిఖరం దాటి ఐదేళ్లయింది. ప్రపంచంలో తన విభాగంలో నంబర్ వన్‌గా ఉన్న రోజుల్లో ఆమెకు ఒలింపిక్స్ లేదు. ఒలింపిక్స్ వచ్చేనాటికి ఆమె ఆ విభాగంలోనే లేదు. మనం గుర్తుపెట్టుకున్నది మూడో స్థానాన్ని. మొదటి స్థానాల్ని మర్చిపోయాం.

ఈ వ్యాసం ఆ మర్చిపోయిన సగం గురించి.

బలమంటే భీముడే

బలం అనగానే తెలుగువాళ్లకు మగ పేర్లే గుర్తొస్తాయి. ఉత్తరాంధ్రలో అయితే కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, సర్కస్ కంపెనీ పెట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మనిషి. ఆ తర్వాతి తరంలో దండమూడి రాజగోపాలరావు. దేశం తరఫున బరువులెత్తి, 'నర్తనశాల' సినిమాలో భీముడి వేషం కట్టాడు. ఎటు చూసినా భీముడే. మా సిరిసిల్ల, తంగళ్ళపల్లి వైపు సాంచాల మీదికి నూలు చుట్టి ఎక్కించే దాన్ని కూడా భీమనే అంటాం. అది ఇంగ్లిష్ మాటేలెండి, మన నోళ్లలో పడి భీమైంది. కానీ దాన్ని భుజానికెత్తుకొని పోయే మనిషిని చూస్తే ఆ పేరు సరిగ్గానే పడిందనిపిస్తుంది.

ఈ లెక్కలో ఆడపిల్ల ఎక్కడుంది? నీళ్ల బిందె, కట్టెల మోపు, గడ్డి మోపు, చంటిపిల్ల... ఇవన్నీ మోసేది ఆమే. అయితే అది బలం కింద రాదు. పని కింద వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. రైల్లో పోయేవాళ్లకు ఆ స్టేషన్ 'శ్రీకాకుళం రోడ్' అనే పేరుతో తెలుసు. మల్లీశ్వరి 1975 జూన్ 1న పుట్టింది. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. ఇంట్లో అంతా ఆడపిల్లలే, అక్కచెల్లెళ్లు కూడా బరువులెత్తినవాళ్లే. మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టింది. బక్కపల్చగా ఉంది, ఈ ఆట నీవల్ల కాదని మొదట్లో వద్దన్నారట. తల్లి శ్యామల వెనక నిలబడింది. కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ సాగింది.

ఇది 1980ల చివరి మాట. అప్పటికి ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచానికే కొత్త. మగవాళ్లు ఒలింపిక్స్‌లో 1896 నుంచి, అంటే ఏథెన్స్‌లో మొట్టమొదటి ఆధునిక ఒలింపిక్స్ నుంచి బరువులెత్తుతున్నారు. ఆడవాళ్లకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది 1987లో. ఆమదాలవలసలో మల్లీశ్వరి బార్ పట్టుకునే కాలానికే ఆ పోటీ పుట్టిందన్నమాట. ఒలింపిక్స్ మాట ఎవరూ ఎత్తడం లేదు. అంటే ఆమె పెద్దయ్యాక ఒలింపియన్ అవుదామని కల కనే వీలు కూడా లేదు. లేని పోటీకి ఎవరు కల కంటారు?

అయినా ఎత్తింది. అక్కతో కలిసి ఢిల్లీ వెళ్లింది. 1990లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వాళ్ల కళ్లలో పడింది. అక్కడినుంచి మూడేళ్లు తిరక్కుండానే ప్రపంచ వేదిక ఎక్కింది.

నాలుగేళ్లు, నాలుగు పతకాలు

1993, మెల్‌బోర్న్: ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. 1994, ఇస్తాంబుల్: స్వర్ణం. 1995, గ్వాంగ్‌జౌ: స్వర్ణం. 1996, వార్సా: కాంస్యం. వరసగా నాలుగేళ్లు ప్రపంచంలో మొదటి ముగ్గురిలో ఒకరు. అన్నీ 54 కిలోల విభాగంలోనే. ఇస్తాంబుల్‌లో గెలిచినప్పుడు వయసు పందొమ్మిది. మధ్యలో 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో రజతం కూడా ఉంది.

ఒక్క నిమిషం ఆగి చూడండి. 90ల్లో మన దేశానికి ఏ ఆటలో ప్రపంచ ఛాంపియన్ ఉన్నారు? వెతుక్కోవాలి. బిలియర్డ్స్‌లో గీత్ సేఠీ లాంటి ఒకరిద్దరు దొరుకుతారు. అలాంటి కాలంలో ఆమదాలవలస అమ్మాయి వరసగా రెండేళ్లు ప్రపంచాన్ని ఓడించింది. రెండోసారైతే చైనా వెళ్లి మరీ గెలిచింది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌లో చైనా అంటే క్రికెట్‌లో ఆనాటి ఆస్ట్రేలియా కంటే ఎక్కువే. వాళ్లను వాళ్ల గడ్డ మీద దాటి రావడం మాటలు కాదు.

ప్రభుత్వం గుర్తించలేదని అనలేం. 1994లో అర్జున అవార్డు ఇచ్చింది. ఆ వెంటనే దేశంలో అతిపెద్ద క్రీడా పురస్కారం, అప్పట్లో రాజీవ్ గాంధీ పేరుతో ఉన్న ఖేల్‌రత్న. 1999లో పద్మశ్రీ. ఈ మూడింటి తేదీలు గమనించారా? అన్నీ సిడ్నీకి ముందువే. అంటే ఢిల్లీలో ఫైళ్లు చూసేవాళ్లకు ఆమె ఎవరో తెలుసు. తెలియనిది మనకే. పేపర్లో స్పోర్ట్స్ పేజీ కింద మూలన ఓ ఫొటో పడితే పడేది, లేకపోతే లేదు. రీల్స్ లేవు, లైవ్ స్కోర్లు లేవు. చాలా ఇళ్లలో టీవీ అంటే దూరదర్శనే.

ఇప్పుడు 1996కు రండి. అట్లాంటా ఒలింపిక్స్. అప్పటికి ఆమె రెండుసార్ల ప్రపంచ ఛాంపియన్. ఆటలో ఉన్న మనిషికి ఇరవై ఒకటి అంటే ఎలాంటి వయసో చెప్పక్కర్లేదు. ఆ అట్లాంటాలో మగవాళ్లకు పది విభాగాల్లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు పెట్టారు. ఆడవాళ్లకు ఒక్కటీ లేదు. ఆ ఏడు భారత్‌కు వచ్చింది ఒకే ఒక్క పతకం, టెన్నిస్‌లో లియాండర్ పేస్ కాంస్యం. 1952లో హెల్సింకీలో కుస్తీ వీరుడు కేడీ జాదవ్ కాంస్యం గెలిచాక వ్యక్తిగత విభాగంలో మనకు పతకం రావడానికి నలభై నాలుగేళ్లు పట్టింది. దేశమంతా ఒక్క పతకం కోసం మొహం వాచి ఉన్న రోజుల్లో, ఓ ప్రపంచ ఛాంపియన్ ఇంట్లో ఉండిపోయింది. ఆమెకు గాయం కాలేదు, ఫామ్ పోలేదు. ఆమె ఆట ఒలింపిక్స్‌లో లేదు, అంతే.

అప్పుడు 54 కిలోల పోటీ పెట్టి ఉంటే గెలిచేదా? ఏమో, జరగని పోటీకి ఫలితం చెప్పలేం. కానీ గెలిచే అవకాశం ఎక్కువున్న వాళ్లలో ఆమె ఒకరని చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

తలుపు తెరిచేసరికి

చివరికి ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చారు. 2000, సిడ్నీ. మగవాళ్లకు తలుపు తీసిన 104 ఏళ్లకు.

ఈలోగా ఆమె జీవితం ముందుకు పోయింది. 1997లో తోటి వెయిట్‌లిఫ్టర్ రాజేశ్ త్యాగితో పెళ్లి. హర్యానాలోని యమునానగర్ అత్తగారి ఊరైంది. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం. సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల విభాగం.

ఈ విభాగాల సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. బాక్సింగ్, కుస్తీ, జూడో, వెయిట్‌లిఫ్టింగ్... ఇవన్నీ ఒంటి బరువును బట్టి విడగొట్టిన ఆటలు. ఒక విభాగం నుంచి ఇంకోదానికి మారడమంటే చొక్కా సైజు మారినట్టు కాదు. 54 నుంచి 69 అంటే పదిహేను కిలోల తేడా. అక్కడ పోటీపడేవాళ్లు వేరే, వాళ్లెత్తే బరువులు వేరే. పాత విభాగంలో మీకున్న పేరు ఇక్కడ పనికిరాదు. ప్రపంచ ఛాంపియన్ కూడా కొత్త మనిషిలా మొదలుపెట్టాల్సిందే.

విమర్శలు కూడా అక్కడే మొదలయ్యాయి. బరువు పెరిగిందన్నారు, ఫామ్‌లో లేదన్నారు, ఎంపిక చేయడమే తప్పన్నారు. మణిపూర్‌కు చెందిన కుంజరాణీ దేవిని కాదని ఈమెను పంపడమేంటని పేచీ నడిచింది. ఆ వాదనలో ఒక న్యాయం లేకపోలేదు. కుంజరాణి కూడా అదే తరం మనిషి. ఖేల్‌రత్న అందుకున్న లిఫ్టర్. ఆమెకూ మంచి వయసంతా ఒలింపిక్స్ లేని రోజుల్లోనే గడిచిపోయింది. చివరికి 2004లో ఏథెన్స్ వెళ్లినప్పుడు ఆమెకు 36 ఏళ్లు. 48 కిలోల విభాగంలో నాలుగో స్థానం వచ్చింది. ఇద్దరు గొప్ప క్రీడాకారిణులు ఒకే తలుపు దగ్గర నిలబడ్డారు, అదీ ఆలస్యంగా తెరిచిన తలుపు. వాళ్లిద్దర్నీ ఎదురెదురుగా పెట్టి తగువు పెట్టుకున్నాం మనం.

రెండున్నర కిలోలు

2000 సెప్టెంబర్ 19. సిడ్నీ, డార్లింగ్ హార్బర్.

చూడనివాళ్ల కోసం ఆట ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో. రెండు రకాలుగా ఎత్తాలి. మొదటిది స్నాచ్: నేల మీదున్న బార్‌ను మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒకే ఊపులో తల మీదికి లేపాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్: ముందు భుజాల మీదికి తెచ్చి, ఒక్క క్షణం నిలదొక్కుకొని, అక్కడినుంచి తల మీదికి. దేనికైనా మూడు అవకాశాలే. రెండింటిలో ఎత్తిన అత్యధిక బరువుల్ని కలిపితే మీ మొత్తం. అందులో ఎవరు ఎక్కువైతే వాళ్లదే పతకం.

మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 130.

ఈ అంకెలు చదువుతుంటే ఏమీ అనిపించదు. అందుకే ఇలా చూడండి. మన వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టే బస్తా 40 కిలోలు. అలాంటి మూడు బస్తాల్ని ఒక్కటిగా కట్టి, పైన ఇంకో పది కిలోలు వేస్తే 130. హమాలీ అన్నలు ఒక్కో బస్తాను వీపు మీదో భుజం మీదో వేసుకొని లారీ ఎక్కిస్తారు, అదే చూసేవాళ్లకు నడుం పట్టేసినట్టుంటుంది. ఆమె మూడుంబావు బస్తాల బరువును వీపు మీద కాదు, రెండు చేతులూ చాచి తల పైన నిలబెట్టింది. నిలబెట్టాక కదలకూడదు. ముగ్గురు జడ్జీల్లో కనీసం ఇద్దరు సరే అంటేనే అది లెక్కలోకి వస్తుంది.

మొత్తం 240 కిలోలు. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్ మొత్తం 242.5. రజతం గెలిచిన హంగేరీ అమ్మాయి ఎర్జెబెట్ మార్కుస్‌ది కూడా 242.5. వాళ్లిద్దరూ సమానమైతే ఒంటి బరువు తక్కువున్న లిన్‌కు స్వర్ణం ఇచ్చారు. అప్పటి నిబంధన అది.

అంటే బంగారానికీ మన కాంస్యానికీ మధ్య తేడా 2.5 కిలోలు. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ రోజుల్లో బార్ మీద బరువు రెండున్నర కిలోల చొప్పునే పెంచాలి. ఒక కిలో, రెండు కిలోలు కలుపుతామంటే కుదరదు. కిలో చొప్పున పెంచుకునే పద్ధతి 2005లో వచ్చింది. అంటే అప్పటి లెక్కల ప్రకారం మొత్తాల్లో రెండున్నర కంటే తక్కువ తేడాతో ఓడిపోవడం సాధ్యమే కాదు. ఆమె ఓడింది ఆ రోజుకు ఉన్న అతి చిన్న తేడాతో.

మరి మూడో అవకాశం? 130 ఎత్తాక ఆమె చేతిలో ఇంకో ప్రయత్నం మిగిలింది. బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచారు. ఎత్తి ఉంటే మొత్తం 247.5. తుది పట్టికతో పోలిస్తే మొదటి స్థానం. బార్ పైకి చేరలేదు.

దీని మీద ఇరవై ఐదేళ్లుగా చర్చ నడుస్తూనే ఉంది. 132.5 పెట్టించి ఉంటే ముగ్గురూ 242.5 దగ్గర సమమయ్యేవాళ్లు, అప్పుడు ఒంటి బరువులు తేల్చేవి. 135 అయితే తుది పట్టిక ప్రకారం ముందుండేది. నిజమే. కానీ పోటీ అయ్యాక కాగితం మీద లెక్కలు వేయడం తేలిక. వేదిక వెనక గడియారం పరిగెడుతుంటుంది, పక్కవాళ్లు ఇంకెంత అడుగుతారో తెలీదు, ఊపిరి ఇంకా అందదు. నాకైతే ఆ 137.5లో తప్పు కంటే ఇంకోటి కనిపిస్తుంది. కాంస్యం దాదాపు చేతిలో ఉన్న మనిషి దాంతో సరిపెట్టుకోలేదు. రజతం కూడా అడగలేదు. ఒకప్పుడు ప్రపంచ ఛాంపియన్‌గా నిలబడ్డ మనిషి ఏం అడుగుతుందో అదే అడిగింది.

ఇంకో సంగతి. సిడ్నీలో చైనా ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కు నలుగుర్ని పంపింది. నలుగురూ స్వర్ణాలు తెచ్చారు. అలాంటి జట్టులో ఒకరికి రెండున్నర కిలోల దూరంలో మన అమ్మాయి ఆగింది. అదీ తనది కాని విభాగంలో, తన మంచి రోజులు దాటాక.

ఆ ఒలింపిక్స్‌లో మొత్తం భారత్‌కు వచ్చింది ఈ ఒక్క పతకమే. 1984లో పీటీ ఉష సెకనులో నూరో వంతు తేడాతో పోగొట్టుకున్నది, పదహారేళ్ల తర్వాత ఒక తెలుగు అమ్మాయి చేతికి వచ్చింది.

ఆమె ఒక్కతే కాదు

ఆలస్యంగా తెరిచిన తలుపు కథ మల్లీశ్వరితో మొదలవలేదు, ఆమెతో ఆగలేదు. జూడో చూడండి. మగవాళ్లకు 1964లో టోక్యోలో ఒలింపిక్ పతకాలిచ్చారు. ఆడవాళ్లకు 1992లో గానీ ఇవ్వలేదు. ఆడవాళ్ల కుస్తీ 2004లో, బాక్సింగ్ 2012లో వచ్చాయి. బలంతో ఆడే ఆటలన్నింటిలోనూ ఇదే వరస. పరిగెత్తే ఆడవాళ్లను ముందు ఒప్పుకున్నారు, పట్టు పట్టే ఆడవాళ్లను, పంచ్ కొట్టే ఆడవాళ్లను ఒప్పుకోడానికి ఇంకొన్ని దశాబ్దాలు తీసుకున్నారు.

మేరీ కోమ్ కథ దాదాపు కాపీ కొట్టినట్టుంటుంది. 2002 నుంచి 2010 మధ్య ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగే లేదు. 2012లో లండన్‌లో పెట్టారు, కానీ మూడే విభాగాలు, అందులో అన్నిటికంటే తక్కువది 51 కిలోలు. ఆమె గెలిచిందంతా 48, అంతకంటే కింది విభాగాల్లో. బరువు పెంచుకొని, తనకంటే పెద్దవాళ్లతో తలపడి, కాంస్యం తెచ్చింది. అప్పటికి ప్రపంచ స్వర్ణాలు ఐదు, ఒలింపిక్ కాంస్యం ఒకటి. మల్లీశ్వరి పట్టికను పక్కన పెట్టి చూడండి, అర్థమైపోతుంది.

పోటీ ఉన్నా, విభాగం మారకపోయినా ఒలింపిక్స్ ఒక్కోసారి మొండికేస్తుంది. మంగోలియా జూడో క్రీడాకారిణి ముంఖ్‌బాత్ ఉరంత్సెత్సెగ్ సంగతే తీసుకోండి. పేరు పలకడం కష్టమే, కథ మాత్రం మనకు తెలిసిందే. 2013లో బ్రెజిల్‌లోని రియోలో 48 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. మూడేళ్లకు అదే ఊళ్లో ఒలింపిక్స్ జరిగితే ఐదో స్థానం. పతకం లేదు. ఇంకో ఐదేళ్లు ఆగి, ముప్పై దాటాక, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం అందుకుంది. ఎనిమిదేళ్ల కింద ప్రపంచాన్ని గెలిచినామె ఇప్పుడు మూడో స్థానంతో ఊపిరి పీల్చుకుంది.

ఇక మన నిజామాబాద్ నిఖత్ జరీన్. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 52 కిలోల విభాగంలో. ఎక్కడో తెలుసా? ఇస్తాంబుల్. మల్లీశ్వరి తొలిసారి ప్రపంచాన్ని గెలిచిన ఊరే. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది, ఈసారి 50 కిలోల్లో. ఎందుకు దిగిందంటే, పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు. 50 ఉంది, 54 ఉంది. 2024లో పారిస్ వెళ్లి ప్రీక్వార్టర్స్‌లోనే చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడింది. ఆ రాత్రి సోషల్ మీడియాలో కొందరు రాసిన రాతలు చదివితే రెండుసార్ల ప్రపంచ ఛాంపియన్ గురించి మాట్లాడుతున్నట్టు లేదు. ఏదో అప్పు ఎగ్గొట్టిన మనిషి గురించి మాట్లాడినట్టుంది. ఒక్క మ్యాచ్‌తో రెండు ప్రపంచ టైటిళ్లు చెరిగిపోతాయా?

మల్లీశ్వరి విషయంలో అదృష్టవశాత్తూ ఆ చివరి పతకం వచ్చింది. రాకపోయి ఉంటే? 130 దగ్గర చేయి వణికి ఉంటే? జీకే పుస్తకంలో ఆ బిట్టు ఉండేది కాదు. ఇస్తాంబుల్, గ్వాంగ్‌జౌ మాత్రం అలాగే ఉండేవి. వాటి కోసం మనం ఎవరమూ వెతికేవాళ్లం కాదు.

బార్ దించాక

2001లో కొడుకు పుట్టాడు. 2002 కామన్వెల్త్ క్రీడలతో తిరిగి రావాలనుకుంది. అదే సమయంలో తండ్రి చనిపోవడంతో విరమించుకుంది. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లింది, మళ్లీ 63 కిలోల విభాగంలో. వెన్నునొప్పితో పోటీ పూర్తి చేయలేకపోయింది. పట్టికలో ఆమె పేరుకు ఎదురుగా మొత్తం లేదు. ఆ తర్వాత ఆటకు స్వస్తి చెప్పింది.

రిటైరయ్యాక క్రీడాకారులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు: టీవీలో కనపడటం, లేదా ఎవరికీ కనపడకపోవడం. ఆమెది ఎక్కువగా రెండోదే. ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం చేసింది. బియ్యం, గోధుమ బస్తాల సంస్థ. దేశంలో బస్తా బరువు ఆమెకు తెలిసినంతగా ఆ ఆఫీసులో ఇంకెవరికి తెలిసి ఉంటుంది! యమునానగర్‌లో తన పేరుతో ఫౌండేషన్ పెట్టి పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పించడం మొదలుపెట్టింది. 2021 జూన్‌లో ఢిల్లీ ప్రభుత్వం కొత్తగా పెట్టిన ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి ఆమెను తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమించింది.

ఆ నియామకం వార్త వచ్చిన నెల రోజులకే టోక్యో ఒలింపిక్స్. మొదటి రోజే మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 202 కిలోలెత్తి రజతం గెలిచింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో భారత్‌కు అది రెండో ఒలింపిక్ పతకం. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఒక్క ఏళ్లూ ఆ వరసలో ఒకే పేరుంది.

మీరాబాయి వయసు అప్పటికి ఇరవై ఆరు. 2017లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 48 కిలోల విభాగంలో. 1995 తర్వాత మన దేశం నుంచి వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ టైటిల్ గెలిచిన వాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ వార్త రాసిన ప్రతి పేపరూ పాత పేరొకటి వెతికి తీయాల్సి వచ్చింది. అప్పుడు చాలామంది మొదటిసారి చదివారు, మల్లీశ్వరి ప్రపంచ ఛాంపియన్ అని, అదీ రెండుసార్లని.